మట్టిలో కలిసిపోవు మల్చింగు షీటు: మిరప చేలకు పాలియెస్టరు కుంచె అణువులు

శ్రావణ భాద్రపద మాసములలో గుంటూరు, ప్రకాశం మైదానములలో మిరప నాట్లు సాగుచుండును. ఒకప్పుడు ఈ దినములలో ఎటు చూచినను నల్లరేగడి భూమియే కనబడెడిది. నేడు అనేక గ్రామములలో బోదెలమీద వెండి రంగు షీటు పరచి, దాని క్రింద డ్రిప్పు గొట్టము సాగదీసి, రంధ్రములలో మిరప నారు నాటుచున్నారు. షీటు వలన కలుపు అణగును. తేమ ఆవిరియై పోదు. వెండి రంగు పైభాగము వెలుతురును తిరుగగొట్టుట వలన తామర పురుగుల ఉధృతి కొంత తగ్గును. 2021-22 పంటకాలములో నల్ల తామర పురుగు మిరప చేలను ఎట్లు పాడుచేసినదో ఈ ప్రాంతపు రైతులు మరువలేదు. కావున షీటు మంచిదే.

అయితే పంట ముగిసిన తరువాత ఆ షీటును ఏమి చేయవలెను? చైత్ర వైశాఖములలో మిరప మోళ్లు పీకి, చిరిగిన షీటును చుట్టి గట్టున వేయుదురు. కొందరు నిప్పు పెట్టుదురు. ఎంత జాగ్రత్తగా తీసినను మట్టి క్రింద కప్పబడిన అంచులు తెగి నేలలోనే మిగిలిపోవును. అవి నాగలికి, గుంటకకు చుట్టుకొనును. ప్రక్క చేను పత్తి అయినచో గాలికెగిరిన పీలికలు విడిచిన కాయల దూదికి అంటుకొనును. దూదిలో ప్లాస్టికు పీలిక కలిసినచో మిల్లులో నూలుతోబాటు అదియు సాగి, రంగు వేయునప్పుడు బట్టమీద మచ్చగా తేలును. అందుచేతనే వ్యాపారులు అట్టి పత్తికి ధర తగ్గింతురు.

ఈ చిక్కునకు శాస్త్రజ్ఞులు వెదకుచున్న మార్గము నేలలోని సూక్ష్మజీవులు తినివేయగల షీటు. అది ఎట్టి పదార్థము, దానిని ఎట్లు తయారు చేయుదురు, మన ఎండలకు అది ఎట్లు నిలుచును అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

ముందుగా ఒక లెక్క

బోదెకు బోదెకు మధ్య మీటరున్నర దూరముండి, నాలుగడుగుల వెడల్పు గల షీటు వేసిరనుకొందము. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక బోదెల మొత్తము పొడవు 2,700 మీటర్లకు కొంచెము తక్కువగా నుండును. 1.2 మీటర్ల వెడల్పున షీటు సుమారు 3,240 చదరపు మీటర్లు పట్టును. దళసరి 25 మైక్రాన్లు అయినచో, పాలిథీను బరువు ఎకరమునకు సుమారు 75 కిలోలు.

దీనిలో పదవ వంతు మాత్రమే నేలలో మిగిలిపోయినదనుకొన్నను ఏటా ఏడున్నర కిలోలు అగును. పది సంవత్సరములు వరుసగా ఇట్లు జరిగినచో, ఎకరమంతటికి ఒకమారు వేసిన షీటు ఎంతయో అంత ప్లాస్టికు ముక్కలై ఆ నేలలోనే ఉండును. పాలిథీను మట్టిలో జీర్ణింపదు. ఎండకు పెళుసై చిన్న ముక్కలగును, ఆ ముక్కలు మరింత చిన్నవగును. కంటికి కనబడకున్నను నేలనుండి పోలేదు. మన తండ్రులు మనకు అప్పగించిన రేగడి భూమిని మన పిల్లలకు ఏ స్థితిలో అప్పగింతుమన్నది ఇందులో ఇమిడి యున్నది.

పాలియెస్టరు అనగా బట్ట ఒక్కటే కాదు

పాలియెస్టరు అనగానే టెరిలీను చొక్కా గుర్తుకు వచ్చును. కాని పాలియెస్టర్లు ఒక పెద్ద కుటుంబము. ఆమ్లము, ఆల్కహాలు కలిసినచో ఎస్టరు అను బంధము ఏర్పడును. అట్టి బంధములతో చిన్న అణువులు వందలు, వేలు గొలుసుగా కూడినచో అది పాలియెస్టరు. ఈ బంధమునకు ఒక గుణము కలదు. నీరు, సూక్ష్మజీవుల జీర్ణరసములు దానిని తెంచగలవు. పాలిథీను గొలుసులో అట్టి తెగు చోటు లేదు. ఒకటి మట్టిలో కలియుటకు, రెండవది కలియకుండుటకు ముఖ్య కారణమిదియే.

ఈ విద్యకు మూలము మన పెరుగు కుండలోనే ఉన్నది. 1780లో స్వీడను దేశపు షీలే అను రసాయనజ్ఞుడు పులిసిన పాలనుండి ఒక ఆమ్లమును వేరు చేసెను. అదియే లాక్టికామ్లము. దీని అణువు ఒక కొన ఆమ్లముగను, మరొక కొన ఆల్కహాలుగను ఉండుటచే తనతో తానే గొలుసు కట్టగలదు. ఆ గొలుసే పాలీలాక్టికామ్లము.

1930 ప్రాంతములో అమెరికాలోని డ్యుపాంట్ కంపెనీలో కరోథర్స్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పాలియెస్టర్లను నూలుగా తీయుటకు ప్రయత్నించెను. అవి తక్కువ వేడికే కరిగిపోయినవి, నీటికి చెడిపోయినవి. ఇస్త్రీకి, ఉతుకుకు నిలువని నూలు ఎవరికి కావలెను? ఆయన వాటిని ప్రక్కన పెట్టి 1935లో నైలానును సాధించెను. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనువారు గొలుసులో గట్టి వలయములను చేర్చి, సుమారు 260 సెంటిగ్రేడు డిగ్రీల వరకు కరుగని పాలియెస్టరును కనుగొనిరి. టెరిలీను అదియే. అది గట్టిదైనది, కాని మట్టిలో జీర్ణించు గుణమును కోల్పోయెను. కరోథర్స్ దోషమని విడిచిన గుణమే నేడు మనకు కావలసిన గుణమైనది. శస్త్రచికిత్సలో వేయు, వాటంతట అవే కరిగిపోవు కుట్లు కూడ ఈ కుటుంబములోనివే. 1970 దశకమునుండి వైద్యులు వాటిని వాడుచున్నారు.

తయారు చేయు విధము

మొక్కజొన్న పిండినుండి గాని, చెరకునుండి గాని చక్కెరను తీసి పులియబెట్టుదురు. పెరుగును తోడుపెట్టు సూక్ష్మజీవుల జాతివే ఇక్కడను పని చేయును. వచ్చిన లాక్టికామ్లమును శుభ్రపరచి, రెండేసి అణువులను జతచేసి లాక్టైడు అను వలయముగా మార్చుదురు. పిమ్మట ఆ వలయమును విప్పుచు ఒకదానికొకటి తగిలించినచో పొడవైన గొలుసు వచ్చును. దీనికి తోడ్పడు పదార్థముగా తగరపు సమ్మేళనమైన స్టానస్ ఆక్టోయేటును చాల స్వల్పముగా వాడుదురు. తేమ బొత్తిగా ఉండరాదు, ఉన్నచో గొలుసు పొట్టిదై షీటు బలహీనమగును. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున బ్లెయిర్ వద్ద మొక్కజొన్ననుండి ఈ పదార్థమును భారీగా తీయు కర్మాగారము 2002లో ప్రారంభమైనది. గుంటూరు, బాపట్ల ప్రాంతములలో వరి కోసిన పిమ్మట దున్నకుండ మొక్కజొన్న వేయుచున్న రైతులకు ఈ సంగతి ఆసక్తి కలిగింపగలదు.

ఎండకు నిలుచునా?

ఇక ముఖ్య విషయమునకు వత్తము. రెంటచింతల ఎండలు ఎరుగని వారు ఈ ప్రాంతమున లేరు. నీడలో ఉష్ణమానము 45 డిగ్రీలు దాటిన దినమున, కప్పులేని రేగడి నేల ఉపరితలము 60 డిగ్రీలను మించవచ్చును. షీటు గుణమును రెండు ఉష్ణమానములు నిర్ణయించును. మొదటిది మెత్తబడు వేడి. బెల్లపు పాకము చల్లారినప్పుడు పటుక్కున విరుగును, కొంచెము వెచ్చబెట్టినచో సాగును. పాలిమరులోను అట్టి హద్దు ఒకటి గలదు. రెండవది కరుగు వేడి. ఆ వేడిలో పదార్థములోని స్ఫటిక భాగము పూర్తిగా ద్రవమగును.

ముఖ్యమైన పదార్థముల గుణములు ఇట్లున్నవి:

పాలీలాక్టికామ్లము: మెత్తబడు వేడి సుమారు 55-60 డిగ్రీలు. కరుగు వేడి 150-180 డిగ్రీలు. గట్టిది, కాని పెళుసు.

పాలీకాప్రోలాక్టోను: మెత్తబడు వేడి సున్నకు సుమారు 60 డిగ్రీలు దిగువ. కరుగు వేడి సుమారు 60 డిగ్రీలు. మెత్తనిది, సాగునది.

పీబాట్ అను మిశ్రమ పాలియెస్టరు: మెత్తబడు వేడి సున్నకు సుమారు 30 డిగ్రీలు దిగువ. కరుగు వేడి 110-120 డిగ్రీలు. పాలిథీనువలె సాగును. 1998 నుండి బజారులో ఉన్నది.

పాలీహైడ్రాక్సీబ్యూటిరేటు: కరుగు వేడి సుమారు 175 డిగ్రీలు. కొన్ని సూక్ష్మజీవులు తమ శరీరములో కొవ్వువలె దాచుకొను పదార్థమిది. 1920 దశకములో పారిస్ నగరపు పాస్చర్ సంస్థలో లెమ్వాన్ కనుగొనెను. ఇతర జీవులకు ఆహారమే గనుక మట్టిలో బాగుగా జీర్ణించును.

ఈ అంకెలను మన పొలమునకు అన్వయింపుడు. పాలీకాప్రోలాక్టోను ఒక్కటే వాడినచో వేసవిలో రేకుల గోడౌనులోనే చుట్టలు అంటుకొనిపోవును. పాలీలాక్టికామ్లము ఒక్కటే వాడినచో శీతకాలమున పెళుసై, కోతకు వచ్చిన కూలీల కాలు తగిలి పగులును. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి గలదు. సాధారణముగా మన నేల లోపలి ఉష్ణమానము 25-35 డిగ్రీలు. ఆ వేడిలో పాలీలాక్టికామ్లము ఇంకను గాజువలె బిగిసి యుండును. నీరు లోనికి చొరదు, సూక్ష్మజీవులకు పట్టు దొరకదు. కావున సంవత్సరమునకు పైగా చెక్కుచెదరక ఉండగలదు. అదే 58 డిగ్రీల వేడి గల పెద్ద కంపోస్టు గుట్టలో వేసినచో కొలది మాసములలో జీర్ణించును. “కంపోస్టు అగును” అను మాటకు “నేలలో కలియును” అను మాటకు గల భేదము ఇదియే. ఈ భేదము తెలియక మోసపోరాదు.

కొర్ర కంకి వంటి అణువు

పై దోషములను సవరించుటకు శాస్త్రజ్ఞులు అణువు ఆకారమునే మార్చి చూచుచున్నారు. ఇంతవరకు చెప్పినవి జనుప నార వంటి ఒంటి గొలుసులు. దీనికి మారుగా మధ్యన ఒక దంటు, దాని చుట్టు దగ్గరదగ్గరగా పక్క గొలుసులు ఉండునట్లు చేసినచో అణువు కొర్ర కంకివలె, సీసాలు తోము కుంచెవలె ఉండును. వీనినే కుంచె పాలిమర్లు అందురు.

వీటిని మూడు విధములుగా చేయుదురు. దంటుమీద మొలక చోట్లు ముందుగా ఏర్పరచి, అచ్చటినుండి పక్క గొలుసులను పెంచుట మొదటి విధము. విడిగా పెంచిన గొలుసులను తెచ్చి దంటుకు అతికించుట రెండవది. ప్రతి గొలుసు కొనకు ఒక కొక్కెము పెట్టి, ఆ కొక్కెములను ఒకదానికొకటి తగిలించి దంటును ఏర్పరచుట మూడవది. రసాయనజ్ఞులు ఈ పనిని అంటు కట్టుట అనియే పిలుతురు. మామిడి తోటలోని మాటయే ప్రయోగశాలకు వెళ్ళినది. మూడవ విధములో గ్రబ్స్ రూపొందించిన రుథేనియము సమ్మేళనములు మిక్కిలి తోడ్పడును. ఈ కోవకు చెందిన పరిశోధనకు షోవాన్, గ్రబ్స్, ష్రాక్ అను ముగ్గురికి 2005లో నోబెలు బహుమతి వచ్చినది.

ఆకారము మారినచో ఉష్ణ గుణములు కూడ మారును. పక్క గొలుసులు పొట్టివైనచో అవి ఒద్దికగా పేర్చుకొనలేవు. స్ఫటిక భాగము తగ్గి కరుగు వేడి దిగును. గొలుసులు పొడవైన కొలది కరుగు వేడి పెరిగి ఒంటి గొలుసు పాలిమరు అంకెను సమీపించును. కొనలు ఎక్కువగా ఉండుటచే కదలిక హెచ్చి, పొట్టి గొలుసుల కుంచెలో మెత్తబడు వేడి కూడ తగ్గవచ్చును. అనగా పక్క గొలుసు పొడవును సరిచూచుకొని, కొంతమేరకు కావలసిన వేడికి కావలసిన గుణమును ఏర్పరచవచ్చును. దీనికి తోడు కుంచె అణువులు ఒకదానితో ఒకటి పెనవేసికొనవు గనుక కరిగినప్పుడు పలుచగా పారును.

ఈ గుణములోనే దోషమును కలదు. పెనవేసికొనని నారతో మోకు పేనలేము. అట్లే కుంచె అణువులు మాత్రమే గల షీటు తేలికగా చిరుగును. కావున వీనిని షీటుకు ముఖ్య పదార్థముగా గాక, పెళుసు పాలిమరును మెత్తపరచుటకును, కలియని రెండు పాలిమర్లను కలుపుటకును కొద్దిగా చేర్చు పదార్థముగా పరీక్షించుట సమంజసము.

మరియొక జాగ్రత్త. పక్క గొలుసులు జీర్ణించి, దంటు జీర్ణింపనిదైనచో ప్రయోజనము సగమే. గ్రబ్స్ పద్ధతిలో సాధారణముగా వచ్చు దంటు ఎస్టరు బంధములు లేనిది, అది మట్టిలో మిగిలిపోవును. ఈ విషయమున మన పత్తికి ఒక స్థానము గలదు. దూది దాదాపుగా సెల్యులోజు. సెల్యులోజు గొలుసు పొడవునను ఆల్కహాలు కొనలు ఉండుటచే అవే మొలక చోట్లుగా పనికివచ్చును. సెల్యులోజు దంటుమీద పాలీలాక్టికామ్లము, పాలీకాప్రోలాక్టోను గొలుసులను పెంచు ప్రయోగములు లోకమున అనేక చోట్ల జరిగినవి. అప్పుడు దంటు, పక్క గొలుసు రెండును జీర్ణింపగలవి. మన చేలలో ఏటా తగులబెట్టు పత్తి కట్టెలో కూడ సెల్యులోజు ఉన్నది. దానిని శుభ్రపరచు ఖర్చు తగ్గినచో ఆ కట్టెకు ఒక విలువ రాగలదు.

వేడిని తట్టుకొను మరియొక మార్గము కలదు. లాక్టికామ్లము కుడి చేయి, ఎడమ చేయివలె రెండు రూపములలో ఉండును. రెండు రూపముల గొలుసులను సమముగా కలిపినచో అవి ఒకదానిలో ఒకటి ఇమిడి, కరుగు వేడి 220 డిగ్రీలు దాటును. 1987లో జపాను శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి.

వేడిని కొలుచుట

ఈ అంకెలను రెండు పరికరములతో కనుగొందురు. మొదటిదానిలో కొన్ని మిల్లీగ్రాముల నమూనాను, ఖాళీ గిన్నెను ఒకే తీరున వేడిచేసి, నమూనా ఎక్కడ అదనపు వేడిని పీల్చినదో చూచి మెత్తబడు, కరుగు వేడులను తెలిసికొందురు. రెండవదానిలో వేడి పెంచుచు బరువు తూచి, పదార్థము ఎప్పుడు విచ్ఛిన్నమగునో చూతురు. పాలీలాక్టికామ్లము సుమారు 300 డిగ్రీలు దాటిన పిమ్మట వేగముగా బరువు కోల్పోవును. తోడ్పాటుకు వేసిన తగరము మిగిలియున్నచో అంతకంటె ముందే చెడును. షీటు లాగునప్పుడు కరిగించవలెను గనుక ఈ హద్దు కర్మాగారమునకు ముఖ్యము.

తెలుగు నాట జరిగిన పని

ఇట్టి పదార్థములు మన నాట క్రొత్తవి కావు. హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థకు చెందిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ జీర్ణించు సంచులను రూపొందించినది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదమునకై మొక్కజొన్న పిండితో చేసిన ఇట్టి సంచుల విక్రయ కేంద్రమును ప్రారంభించిరి. క్షిపణులపై పని చేయు ప్రయోగశాల ప్రసాదపు సంచిపై దృష్టి పెట్టుట మెచ్చదగినది. అయితే సంచి పని ఒక దినము, మల్చింగు షీటు పని ఏడెనిమిది మాసములు. నాటిన నాటినుండి చివరి కోతవరకు చెడక నిలిచి, పిమ్మట మాత్రమే కరగవలెను. ఈ రెండు కోరికలను ఒకే పదార్థముచే తీర్చుట కష్టమైన పని.

కొనువారు గమనింపవలసినవి

1. “బయో”, “ఎకో” అను పేర్లను చూచి కొనరాదు. కొన్ని షీట్లు పాలిథీనులో లోహ లవణములు కలిపి ముక్కలగునట్లు చేసినవి. ముక్కలగుట జీర్ణించుట కాదు.

2. మన దేశమున కంపోస్టు అగు ప్లాస్టికుకు ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణము, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రము ఉండవలెను. అవి ఉన్నంత మాత్రమున చేలో కలియునని అర్థము కాదు. మల్చింగు షీట్లకై యూరపులో 2018లో వచ్చిన ఈఎన్ 17033 ప్రమాణము, ప్రయోగశాలలో 20-28 డిగ్రీల మట్టిలో రెండు సంవత్సరములలోపల 90 శాతము బొగ్గుపులుసు గాలిగా మారవలెనని కోరును. అమ్మువారిని దీనిని గూర్చి అడుగుడు.

3. ఇట్టి షీట్ల ధర సాధారణ షీటుకంటె ఎక్కువ. అయితే పలుచగా వేయుదురు, తీయు కూలి, మోత ఖర్చు తగ్గును. పై లెక్కలోని ఎకరమునకు 15 మైక్రాన్ల షీటు సుమారు 61 కిలోలు పట్టును. రెండు వైపుల ఖర్చు వ్రాసి చూచుకొనుడు.

4. చుట్టలను నీడలో, తడి తగులని చోట ఉంచవలెను. రేకుల క్రింద వేసవి గడపరాదు. ఆ సంవత్సరమునకు కావలసినంతే కొనవలెను.

5. పంట ముగిసిన పిమ్మట ఎండిన నేలలో దున్ని వదలినచో ఏమియు జరుగదు. సూక్ష్మజీవులకు తడి కావలెను. తొలకరి పదునులో పశువుల ఎరువుతో కలియదున్నుట మేలు.

6. సాధారణ పాలిథీను షీటు వాడువారు అంచులతో సహా తీసి, మట్టి దులిపి, కట్టలు కట్టి పాత ప్లాస్టికు కొనువారికి ఇయ్యవలెను. కాల్చరాదు.

చేలోనే పరీక్ష

ఎవరి మాటను నమ్మనవసరము లేకుండ రైతే పరీక్షింపవచ్చును. క్రొత్త షీటును జానెడు చదరముగా మూడు ముక్కలు కోసి, బంగారము తూచు చిన్న త్రాసులో తూచి వ్రాసికొనవలెను. ఒక్కొక్క దానిని సన్నని కన్నుల నైలాను వల సంచిలో పెట్టి ఆరంగుళముల లోతున పాతవలెను. ప్రక్కనే అదే విధముగా మూడు నూలు గుడ్డ ముక్కలను, మూడు పాలిథీను ముక్కలను పాతవలెను. మూడు, ఆరు, పన్నెండు మాసములకు ఒక్కొక్క జత తీసి కడిగి, ఆరబెట్టి తూచవలెను. నూలు గుడ్డ చివికినచో ఆ మట్టిలో జీవమున్నదని తెలియును. నూలు చివికి, షీటు బరువు తగ్గకున్నచో అమ్మిన వాని మాట నిజము కాదు. నూలు కూడ చివకనిచో లోపము షీటుది కాదు, నేలకు తడియో, సేంద్రియ పదార్థమో చాలలేదు. పూర్తిగా జీర్ణించినదా అన్నది ప్రయోగశాలయే తేల్చవలెను గాని, పెద్ద మోసమును పట్టుటకు ఈ పరీక్ష చాలును.

గ్రామములోని వ్యవసాయ, ఉద్యాన సహాయకులు ఒక్కొక్క ఊరిలో రెండు మూడు చేలలోనైన ఈ పరీక్ష పెట్టించి, తేదీలు, తూకములు పుస్తకములో నమోదు చేయించినచో, మన రేగడిలో ఏ షీటు ఎన్నాళ్లకు కలియునో మన అంకెలే చెప్పును. ఇతర దేశముల చల్లని నేలలలో వచ్చిన ఫలితములు మనకు దారి చూపగలవు గాని తీర్పు చెప్పలేవు.

ఎరువు చల్లినప్పుడు, మందు కొట్టినప్పుడు, షీటు పరచినప్పుడు ఒకే ప్రశ్న వేసికొనుట రైతునకు అలవాటు కావలెను: దీని పని ముగిసిన పిమ్మట ఇది ఎక్కడికి పోవును? ఆ ప్రశ్నకు సరియైన సమాధానము గల వస్తువునే చేనిలోనికి రానిచ్చుట మంచిది. తొలకరికి ముందే మూడు జానెడు ముక్కలు, ఒక పాత పంచె పీలిక సిద్ధము చేసికొనుడు.